నిలబడి వండే గట్టు

మా ఆయన దేశం కాని దేశం వెళ్ళి పేదవాళ్ళకు బడి కట్టి వచ్చిన మనిషి. ఆబిడ్స్‌లో ఒక హాల్లో ఆయనకు శాలువా కప్పి, ఒక పెద్దమనిషి మైకులో ఆ మాటే అన్నాడు. నేను మూడో వరసలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు ఖాళీగా లేవు కాబట్టి నేను కొట్టలేదు. ఖాళీగా ఉన్నా కొట్టేదాన్ని కాదు.

మా గొడవంతా ఒక గట్టు గురించి. వంటింట్లో నిలబడి వండుకోవడానికి నడుమెత్తు గట్టు, అంతే. ఇప్పటి ఆడపిల్లలకు చెబితే నమ్మరు. గట్టు లేకుండా వంటెలా చేస్తారమ్మా అని అడుగుతారు. ఎలా చేస్తారో నాకు తెలుసు. ఒక చెక్కపీట మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూ చేస్తారు.

మా నాన్న సెక్రటేరియట్‌లో గుమాస్తా. 1956లో ఆఫీసుతోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి, చాదర్‌ఘాట్‌లో ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. అద్దె ఇళ్ళలో విసిగిపోయిన మనిషి కదా, నాకు సంబంధం చూసినప్పుడు ఆయన కంటికి ముందు ఆనింది సొంత ఇల్లే. పెళ్ళికొడుకు ఆబిడ్స్ దగ్గర బళ్ళో టీచరు. తాతలనాటి నుంచీ ఈ ఊరివాళ్ళు. నాంపల్లి స్టేషను వెనక సందులో పెంకుటిల్లు. తండ్రి లేడు, తల్లి ఉంది. "అమ్మాయి అదృష్టవంతురాలు, సొంత ఇంట్లో అడుగు పెడుతోంది" అని మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ముందుగదిలో కూర్చుని లేచి వెళ్ళారు. వంటిల్లు ఎవరూ చూడలేదు.

ఆ వంటింటికి కిటికీ లేదు. పైకప్పు ఎంత కిందికి దిగి ఉందంటే, లేచి నిలబడితే దూలం నెత్తికి తగిలేది. కూర్చుంటే పొగంతా మొహం మీదికే. పొద్దున స్టేషన్లో బండి కూసే వేళకు పొయ్యి రాజేస్తే, ఆయన బడికి వెళ్ళేదాకా నా కళ్ళు ఎర్రగా ఉండేవి. కొత్తలో మా అత్తమ్మ నేను ఏడుస్తున్నాననుకుని, "పుట్టిల్లు యాదికొచ్చిందా బిడ్డా?" అని అడిగింది. కాదత్తమ్మా, పొగ అన్నాను. ఆమె నవ్వింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగానే ఉండేవి.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి నుమాయిష్‌కు, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కు, ఆయన మమ్మల్నిద్దరినీ తీసుకువెళ్ళాడు. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. అక్కడ ఒక స్టాల్లో కొత్తరకం వంటిల్లు అమర్చి పెట్టారు. షాబాద్ బండ పరిచిన గట్టు, దాని మీద కిరసనాయిలు స్టవ్వు, ఎదురుగా కిటికీ. ఒకమ్మాయి నిలబడి, చీర నలగకుండా, పకోడీలు వేసి జనానికి పంచుతోంది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని, వేలుపెట్టి చూపించి, "ఏమండీ, మనకూ ఇలాంటిది కట్టించండి" అన్నాను. పెళ్ళయ్యాక నేను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

"గిదేం వంటనే? నిలవడి వండుతరా?" అంది అత్తమ్మ. "పొయ్యి ముంగట కూసోకుంటే కూరకు రుచి ఏడికెళ్ళి వస్తది?"

ఆయనకు మాత్రం నచ్చింది. కొత్తది ఏదైనా ఆయనకు నచ్చేది. ఎండాకాలం సెలవుల్లో మేస్త్రీని పిలిచాడు. షాబాద్ బండ వచ్చింది. కిటికీకి టేకు చట్రం వచ్చింది. పైకప్పు ఎత్తు చేయాలని, పెరటివైపు పెంకులు దించి గోడ సగం పడగొట్టారు. పెళ్ళయ్యాక మొదటిసారి వంటింట్లో వెలుతురు పడింది. ఆ వెలుతుర్లో నేను బియ్యం ఏరుతూ పాటలు పాడుకున్నానంటే నవ్వకండి.

అంతలో నేను నెల తప్పాను.

తెలిసిన మర్నాడే అత్తమ్మ మేస్త్రీని పంపించేసింది. "ఇగ ఇంట్ల గడ్డపార ముట్టొద్దు. కడుపుతోని ఉన్నదాని మొగడు ఇల్లు కట్టొద్దు, చెట్టు కొట్టొద్దు, గడ్డం తియ్యొద్దు, సముద్రం దాటొద్దు. మా అత్త నాకు గిట్లనే చెప్పింది." ఆమె మాటలో నటన ఏమీ లేదు. నిజంగా భయపడింది. అంతకుముందు ఆమెకు ఇద్దరు పిల్లలు పోయారు. ఏ నియమం తప్పడం వల్ల పోయారో అని జీవితమంతా వెతుక్కున్న మనిషి ఆమె.

ఆయన సంగతి వేరు. జాతకాలు, ముహూర్తాలు అంటే మిత్రుల ముందు ఎగతాళి చేసేవాడు. కానీ ఈ ఒక్కదానికి ఎందుకో తల వంచాడు. "అమ్మ మాట కాదంటే ఎట్ల? జర సబర్ చెయ్యి, కాన్పు కానియ్యి" అన్నాడు. సరే, బిడ్డ క్షేమం కదా అని నేనూ ఊరుకున్నాను. పడగొట్టిన గోడకు గోనెపట్టాలు కట్టాం. షాబాద్ బండను పెరట్లో కొళాయి పక్కన పడేశారు.

ఆయనకు ఒక సేవాసంఘం ఉండేది. ఆదివారాలు ఆ మిత్రులతో కలిసి అఫ్జల్‌గంజ్‌లో వీధులు ఊడ్చేవాడు. మా ఇంట్లో చీపురు ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలియదు. ఆ సంఘం తరఫున ఆఫ్రికాలో ఒక పల్లెకు స్వచ్ఛందంగా పనిచేయడానికి మనుషుల్ని పంపుతున్నారని వానలు మొదలవుతుండగా కబురు వచ్చింది. అక్కడివాళ్ళతో కలిసి సొంత చేతులతో బడి కట్టాలి. బొంబాయిలో ఓడ ఎక్కాలి. ఆయన పేరు ఇచ్చి వచ్చాడు. మాకు చెప్పింది ఇచ్చాకే.

అత్తమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. కోడలు కడుపుతో ఉండగా సముద్రం దాటడమేమిటని అన్నం మానేసింది. రెండు పూటలు గడిచాక ఆయన తెలిసిన పంతులు ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పరోపకారానికి పోయేవాడికి ఏ దోషమూ అంటదని పంతులు చెప్పాడు. అత్తమ్మకు అంతకన్నా పైమాట లేదు. కళ్ళు తుడుచుకుని లేచింది.

పంతులు వెళ్ళాక నేను ఆయన్ని అడిగాను. "ఆయన్నే వంటింటి సంగతి కూడా అడగకపోయారా? సముద్రానికి లేని దోషం గోడకు ఉంటుందా?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "గింత ఇంటి పనికి పంతుల్ని అడుగుతరా? నలుగురు వింటే నవ్వుతరు" అన్నాడు.

నాంపల్లి స్టేషన్లో దండలు వేసి సాగనంపారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అందరూ భర్తను విడిచి ఉండాల్సివస్తోందని నాకు దిగులనుకున్నారు. దిగులు కాదు, కోపం. అది ఇప్పటికీ ఉంది.

ఆ వానాకాలం గురించి ఎక్కువ చెప్పను. గోనెపట్టాలు తడిసి బరువెక్కి తెగిపడేవి. పందికొక్కులు నేరుగా వంటింట్లోకి వచ్చేవి. తడికట్టెలు మండేవి కావు. పొట్టతో పీట మీద కూర్చోలేక నేను గోడకు ఆనుకుంటే, మోకాళ్ళ నొప్పులతో అత్తమ్మే పొయ్యి ముందు కూర్చునేది. నెత్తిమీద రేకు ముక్క అడ్డం పెట్టుకుని పులుసు కలుపుతుంటే, వాన చుక్కలు అందులో పడేవి. "ఉప్పు జర ఎక్కువేస్తే సరిపోతది" అనేది.

ఆయన దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. ముఖం నిండా గడ్డం, చేతిలో తాపీ, ఎదురుగా సగం లేచిన గోడ. అత్తమ్మ దాన్ని సందంతా తిప్పింది. "చూసిన్రా, గాడ దూరదేశంల కూడా గడ్డం తియ్యలే. కోడలంటే గంత పానం." ఆడవాళ్ళందరూ నన్ను చూసి ముచ్చటపడ్డారు. నేను గడ్డం చూడలేదు, తాపీ చూశాను. ఇల్లు కట్టొద్దన్నదీ గడ్డం తియ్యొద్దన్నదీ ఒక్క ఊపిరిలో చెప్పిన నియమాలే కదా! ఖర్చు లేని నియమం పాటిస్తున్నాడు, పనిలో పనిగా రెండోదాన్ని సముద్రం అవతల తుంగలో తొక్కాడు. గోడ కట్టడం ఆయనకు రాక కాదు, తీరిక లేక కాదు. మా గోడ మీద ఆయనకు మనసు లేదు.

పురుడు చాదర్‌ఘాట్‌లో మా అమ్మ దగ్గర పోసుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. పిల్ల పాకే వేళకు ఆయన తిరిగి వచ్చాడు. ఆ తర్వాతే ఆబిడ్స్‌లో ఆ సన్మానం.

శాలువా కప్పాక ఆయన మాట్లాడాడు. బాగా మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి. బడి గురించి చెప్పి, చివర్లో గొంతు తగ్గించాడు. "బడి పక్కన ఒక వంటపాక ఉండేది. ఆ తల్లులు నేలమీద కూర్చుని పొగలో వండుతుంటే మా కడుపు తరుక్కుపోయింది. నడుమెత్తు గట్టు కట్టాం. ఎదురుగా కిటికీ పెట్టాం. వాళ్ళు మొదటిసారి నిలబడి వంట చేసిన రోజున నా జన్మ ధన్యమైందనుకున్నాను."

హాలు దద్దరిల్లింది. నా పక్కనున్నావిడ చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా!" అంది. నుమాయిష్‌లో నేను వేలుపెట్టి చూపించిన గట్టు అది. కిటికీతో సహా.

అటుపక్కన కూర్చున్న అత్తమ్మ నావైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నా ఒళ్ళో పిల్లను మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు నా చేతులు ఖాళీ అయ్యాయి. చెప్పానుగా, కొట్టలేదు.

ఆ సాయంత్రం సన్మానం చేసినవాళ్ళు మా ఇంటికి వచ్చారు. అందరికీ చాయ్ కావాలి. నేను పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చున్నాను.

తర్వాత ఇంటి పని మళ్ళీ మొదలైంది, కానీ ముందుగదిలో. సంఘం మిత్రులు వచ్చి కూర్చోవాలి కదా. నా కిటికీ చట్రం ముందుగది గోడకు వెళ్ళింది. దాని పక్కనే ఆ ఫోటోను పెద్దది చేయించి తగిలించాడు. వంటింటి గోడను మాత్రం, ప్రస్తుతానికి అంటూ, ఉన్న ఇటుకలతో మూసి, పాత ఎత్తులోనే పెంకులు కప్పేశారు. మళ్ళీ చీకటి. షాబాద్ బండ కొళాయి పక్కనే ఉండిపోయింది. దాని మీద పిల్ల బట్టలు ఉతికాను. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు గట్టు మాట ఎత్తితే, "అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. కొడుకు పుట్టాక ఎత్తితే, సంఘం పనుల్లో ఉన్నానన్నాడు. అడిగి అడిగి నా నోరే అరిగింది. మానేశాను.

డెబ్బైలు వచ్చాయి. ఒకరోజు బడి నుంచి వస్తూనే మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. ఆఫ్రికాలో ఆయనతో పనిచేసిన తెల్లదొర, అతని భార్య మన దేశం చూడ్డానికి వస్తున్నారట, మా ఇంట్లోనే దిగుతారట. ఆమెకు కింద కూర్చుని కాఫీ కలుపుకోవడం రాదట. వారం తిరిగేలోగా వంటింటి పైకప్పు ఎత్తు చేసి, కిటికీ పెట్టి, గట్టు కట్టాలి.

అప్పుడు నేను మూడోసారి నెల తప్పి ఉన్నాను. ఆయనకు తెలుసు.

గోడ మీద మొదటి దెబ్బ పడగానే, మంచంలో పడుకుని ఉన్న అత్తమ్మ గోడలు పట్టుకుంటూ వచ్చింది. అప్పటికి ఆమె మోకాళ్ళు పూర్తిగా పోయాయి. "కోడలు కడుపుతోని ఉన్నది. గడ్డపార ఆపు" అంది.

"గవన్ని పాతముచ్చట్లమ్మా. గీ జమానల ఎవరు చూస్తున్రు?"

అత్తమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. "ఔ, పాతముచ్చట్లే. మరి గప్పుడు గీ మాట నీ నోట్లకెళ్ళి ఎందుకు రాలే? వానల తడుసుకుంట గీడ వండినం గదరా, నేనూ గీ పిల్లా!"

ఆయన మేస్త్రీ వైపు తిరిగి, పని కానియ్యమన్నాడు. ఎంతెత్తు కట్టాలని మేస్త్రీ అడిగితే, "కొలత నాకు తెల్సు. గాడ నా చేతులతోనే కట్టిన" అని గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. నేను అక్కడే, పప్పు రుబ్బుతూ ఉన్నాను. నన్ను లేచి నిలబడమని అడగలేదు.

దొర, దొరసాని వచ్చారు. దొరసాని మా ఆయనకన్నా పొడుగు. నల్లగా మెరిసే గట్టు బండ మీద కాఫీ కలుపుకుంటూ, కిటికీలోంచి పెరడు చూసి, చాలా బాగుందంది. ఆయన మురిసిపోయాడు. కొన్నాళ్ళుండి వెళ్ళిపోయారు; అన్నాళ్ళూ నేను కింద పొయ్యి మీదే వండాను.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున, దొరసాని కోసం కొన్న కిరసనాయిలు స్టవ్వు గట్టు మీదే ఉంది. ముట్టించి, అన్నం గిన్నె పెట్టాను. గట్టు నా రొమ్ముల దాకా వచ్చింది. మంట మొహానికి కొడుతోంది. గిన్నెలో ఏముందో కనబడదు. కాసేపు చేతులు పైకెత్తి అలాగే కలిపాను. ఆఖరికి, ఇన్నేళ్ళూ కూర్చుని వండిన పీటను మూలలోంచి తెచ్చి, గట్టు ముందు వేసుకుని, దాని మీద ఎక్కి నిలబడ్డాను.

గుమ్మంలోంచి అత్తమ్మ చూసింది. "పైలం బిడ్డా, పడ్తవ్" అంది.

చాయ్ కోసం ఆయన వచ్చాడు. కొత్త కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆయన దానివైపే చూస్తూ, "ఎట్లున్నది? నిలవడి వండుడు సుఖమున్నది గదా?" అని అడిగాడు.

నేను పీట మీదే నిలబడి ఆయనకు చాయ్ గ్లాసు అందించాను. తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఒక్కసారిగా అంత పొడుగు ఎలా అయ్యానో ఆయనకు అనుమానం రాలేదు.