హోసియత్ చెప్పలేకపోయిన కృతజ్ఞతలు

ఉల్కాన్‌ను సాగనంపేటప్పుడు కృతజ్ఞతలు చెప్పే పని హోసియత్ నెత్తిన పడింది. పాతదానివి నువ్వే, నోరున్నదానివీ నువ్వే అన్నారు బృందంలో అందరూ. సరేనంది గానీ, ఆ వారమంతా మాటలు కట్టుకోవడం, చెరిపేసుకోవడంతోనే గడిచింది.

కిర్గిజ్‌ల దేశంలోని ఓష్ నగరంలో మనసు దెబ్బతిన్నవాళ్లకు వైద్యం చేసే ఆడవాళ్ల బృందం అది. కిర్గిజ్ జాతివాళ్లూ ఉజ్బెక్ జాతివాళ్లూ కలిసి శనివారాలు ఒక గ్రంథాలయం వెనక గదిలో కూర్చునేవారు. ఊరివాళ్ల కష్టాలు విని విని బరువెక్కిన గుండెల్ని ఒకరి ముందు ఒకరు దించుకునేవారు. దాన్ని మొదలుపెట్టిందీ, జీతం భత్యం లేకుండా ఇన్నేళ్లూ నడిపిందీ ఉల్కాన్. గది తాళం తీసేది ఆమే, చలికాలం పొయ్యి రాజేసేది ఆమే, ఇద్దరు పోట్లాడుకుంటే మధ్యలో కూర్చునేదీ ఆమే. ఇప్పుడు రాజధాని బిష్కెక్‌లో కూతురికి జబ్బు చేస్తే ఇల్లు ఎత్తేసి అక్కడికి పోతోంది.

ఉల్కాన్ కిర్గిజ్. హోసియత్ ఉజ్బెక్. ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే ఓష్‌లో జనం ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. కొన్నేళ్ల కిందట ఒక జూన్ నెలలో ఈ రెండు జాతుల మధ్య అల్లర్లు రేగి ఊరు రెండుగా చీలింది. ఇళ్లు తగలబడ్డాయి. హోసియత్ ఇల్లూ కాలిపోయింది. తమ్ముడు నబీజాన్ మళ్లీ కనబడలేదు. ప్రాణాలు దక్కినవాళ్లతో పాటు ఆమె ఒక బడిలో తలదాచుకుంటే, ఉల్కాన్ తనవాళ్లు తిడుతున్నా లెక్కచేయక సంచినిండా రొట్టెలతో అక్కడికి వచ్చింది. అంతకుముందు ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేసినవాళ్లు. గోడకు జేరగిలబడ్డ హోసియత్‌ను చూసి, "లేవే. ఆ మూలనున్న పిల్ల నోరు విప్పట్లేదు. నా కిర్గిజ్ మాట వింటేనే బెదిరిపోతోంది. నువ్వెళ్లి పలకరించు" అంది.

హోసియత్ లేచింది. ఆ లేవడమే ఆమెను బతికించింది. ఆ తర్వాత ఎంతమంది ఏడుపు విన్నదో ఆమెకే గుర్తులేదు. తన ఏడుపు మాత్రం కడుపులోనే ఉండిపోయింది.

వీడ్కోలు విందు బెగాయిమ్ వాళ్ల పెరట్లో పెట్టారు. బెగాయిమ్ బృందంలో అందరికన్నా చిన్నది. ఆప్రికాట్ చెట్లు పూత మీదున్నాయి. పెద్ద పళ్లెంలో పలావ్ పొగలు కక్కుతోంది. ఉల్కాన్ భుజాల మీద పట్టుకుట్టు చాపాన్ అంగీ కప్పి, ఒక్కొక్కరే లేచి ఆశీస్సులు పలికారు.

"అక్కా, బిష్కెక్‌లో ఇరుగుపొరుగును కూడా కూర్చోబెట్టి ఏడిపించకు. ఊళ్లోంచి వెళ్లగొడతారు" అంది బెగాయిమ్.

"వెళ్లగొడితే నీ ఇంటికే వస్తా. వండిపెడుదువుగాని" అంది ఉల్కాన్. అందరూ నవ్వారు.

హోసియత్ వంతు వచ్చింది. కట్టిపెట్టుకున్న మాటలు లేచి నిలబడేసరికి ఎటో పోయాయి.

"అక్కా, ఆ రోజు నన్ను లేవమన్నావు. లేవకపోతే ఆ గోడ దగ్గరే పోయేదాన్ని. అది మరిచిపోను." అక్కడ ఆగింది. ఆగితే బాగుండేది అని తర్వాత చాలాసార్లు అనుకుంది. "కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను కూర్చోమన్నావా? నీకేమైందే అని అడిగావా? నబీజాన్ పేరు నీ నోటెంట రాలేదు. నీకు దండం పెట్టాలని ఉంది, నిన్ను దులిపెయ్యాలనీ ఉంది. ఏం చెప్పమంటావు?"

"ఇవాళేనా అక్కా ఈ మాటలు?" అని బెగాయిమ్ ఆమె భుజం పట్టి లాగబోతే, ఉల్కాన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"అడగలేదు. నిజమే. భయమేసింది. నువ్వు చెప్పేదాంట్లో మావాళ్ల పేరు ఏదన్నా వస్తే ఏ ముఖం పెట్టుకుని నీ ఎదుట కూర్చోను? నువ్వు నవ్వుతూ తిరుగుతుంటే, మానిపోయిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఇప్పుడు చెబుతావా?"

"ఇంతమంది ముందా? పలావ్ ఎదురుగా పెట్టుకునా?" అని హోసియత్ కళ్లు తుడుచుకుంది. "రేపు ఇంటికి రా."

మర్నాడు పొద్దున్నే ఉల్కాన్ వచ్చింది. తిరిగి కట్టుకున్న ఇంట్లో, ద్రాక్ష పందిరి కింద బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. హోసియత్ టీ పోసింది. అది చల్లారాక పారబోసి మళ్లీ పోసింది. అప్పుడు మొదలుపెట్టింది.

"వాడికి పావురాలంటే ప్రాణం. మేం సందు చివరిదాకా వచ్చేశాం అక్కా. తప్పించుకున్నాం. అప్పుడు నేనే అన్నాను, గూడు తలుపు తియ్యలేదురా, మాడి చస్తాయి పాపం అని. వాడు వెనక్కి పరుగెత్తాడు. ఎవరు చంపారో, ఏమయ్యాడో నాకు తెలియదు. వాణ్ని చంపినవాళ్లలో నాకు తెలిసిన పేరు నాదొక్కటే."

నీ తప్పేం లేదు అనే మాటను వీళ్లిద్దరూ ఎన్నో ఇళ్లలో, ఎంతోమందికి చెప్పారు. ఇక్కడ అది చెల్లదని ఇద్దరికీ తెలుసు. ఉల్కాన్ తల వంచుకుని ఏడ్చింది.

"వినేవాళ్లు ఏడవకూడదని మాకు నేర్పింది నువ్వే కదా" అంది హోసియత్.

"ఆ ఉద్యోగం నిన్ననే మానేశానే" అంది ఉల్కాన్.

మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. నబీజాన్ ఎలా ఈల వేసేవాడో, పెళ్లిచూపుల్లో టీ ఎలా ఒలకబోసుకున్నాడో హోసియత్ చెబుతూనే ఉంది. ఆ మర్నాడు ఉల్కాన్ బిష్కెక్ బస్సెక్కింది.

చెప్పేస్తే తేలికవుతుందని ఎంతమందికో చెప్పిన హోసియత్‌కు తేలికేమీ కాలేదు. నిద్ర ఇంకా చెడింది. ఎదుటివాళ్లు చెప్పేది చెవికెక్కడం మానేసింది. ఆ సంగతి శనివారం గదిలో దాచకుండా చెప్పింది. ఉల్కాన్ తర్వాత బృందాన్ని నడపడానికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. అయినా ఆమె దగ్గరికి వచ్చేవాళ్లను మిగతావాళ్లు తలాకొందరు పంచుకున్నారు.

ఎండాకాలమంతా హోసియత్ ఎవరి కథా వినలేదు. ఉల్కాన్ బిష్కెక్ నుంచి ఫోన్ చేసి, నబీజాన్ సంగతులు ఒక్కోటీ అడిగేది. హోసియత్ కొన్నింటికి జవాబిచ్చేది, కొన్నిసార్లు ఊరికే ఫోన్ పెట్టేసేది. శరదృతువులో బెగాయిమ్ వచ్చి, ఒకావిడ నీతోనే మాట్లాడతానంటోంది, రమ్మంటావా అని అడిగింది. హోసియత్ వచ్చే వారం చూద్దామంది.