టీచరమ్మగారి మొక్కజొన్నలో గుర్రాలు పడిన రోజు

మొన్న పొద్దున మా పాలవాడు నీళ్ళు కలపని పాలు పోశాడు. మా అమ్మ గిన్నెలోకి చూసి, వాడి మొహంలోకి చూసి, "ఏం జరిగిందిరా?" అంది కంగారుగా. వాడు తల వంచుకుని, "టీచరమ్మగారు తెల్లారుజామున పోయారండీ. ఇవాళ కలపబుద్ధి కాలేదు" అన్నాడు.

మా ఊళ్ళో ఒక మనిషికి ఇంతకన్న పెద్ద శ్రద్ధాంజలి ఉంటుందని నేననుకోను. తర్వాత చర్చిలో గంట కొట్టారు, బడికి సెలవిచ్చారు, పంచాయితీవారు రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని లేచి, అలవాటు లేక ఒక నిమిషానికే మాట్లాడేసుకున్నారు. అవన్నీ ఎవరు పోయినా జరిగేవే. చిక్కటి పాలు మాత్రం ఆవిడ ఒక్కరికే.

టీచరమ్మగారు మా ఎదురింటివారు. ఆగిరిపల్లి నుంచి నూజివీడు పోయే దారిలో, మామిడితోటల మధ్య ఇరుక్కున్న మా ఊరి బళ్ళో ఆవిడ ఎన్నాళ్ళనుంచి రెండో తరగతి చెప్పారో ఎవరికీ గుర్తులేదు. చిన్నతనంలోనే భర్త పోయారు. పిల్లలు లేరు. అందుకని ఊరందర్నీ ఏరా అనేవారు. తెల్లచీర, మగవాళ్ళ గొడుగు, మా గుమ్మాలు వేటికీ సరిపోని ఎత్తు. బస్సు కోసం నిలబడ్డ మునసబుగారిని, నలుగురిలో, "ఏరా, పదమూడు ఎనిమిదులు?" అని అడిగేవారు. ఊరి మీద అధికారమంతా చేతిలో ఉన్న ఆ మునసబుగారు కండువా సర్దుకుని, పైకి చూసి, పెదవులు కదిపి, "నూటనాలుగండీ" అనేవారు. "కూర్చో" అనేవారు ఆవిడ. బస్‌స్టాపులో కూర్చోడానికి ఏమీ ఉండదు. అయినా ఆయన ఓ క్షణం వెతుక్కునేవారు.

ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన శనగలుండేవి. పొద్దున్నే తోటపనికి పోయే తల్లులు పిల్లల్ని ఖాళీ కడుపుతో బడికి తోలేవారు. అలాంటి పిల్లల గుప్పిట్లో ఎక్కాల మధ్యలో, మాట్లాడకుండా, శనగలు పోసేవారు. ఓసారి ఇన్‌స్పెక్టరు చూసి, "ఇదేంటండీ, క్లాసులో తిండేంటి?" అన్నాడట. ఆవిడ, "బెంచీకి కట్టేసింది మనమేగా అండీ. కట్టేసినవాళ్ళే మేత వెయ్యాలి" అన్నారట. ఆ ఇన్‌స్పెక్టరు కూడా రెండు శనగలు తిని వెళ్ళాడని మా ఊరి చరిత్ర.

పాఠక మహాశయులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇప్పుడు గుర్రాలు వస్తాయి.

ఆ రోజుల్లో మామిడికాయల కాలంలో తోటల నుంచి బుట్టలు మోసింది సగం ఎడ్లబళ్ళయితే సగం జట్కాలు. కాయలైపోయి వానలు పడ్డాక జట్కాలకి పని ఉండేది కాదు. జట్కావాళ్ళు నాట్ల కూలికి ఉంగుటూరు వైపు పోయేవారు. పోయేముందు గుర్రాల్ని మా ఊరి కాంట్రాక్టరు దగ్గర అప్పగించేవారు. కాంట్రాక్టరంటే టీచరమ్మగారి పెరటి వెనకున్న పెద్దతోటని కౌలుకి తీసుకున్నాయన. తోటలో రేకుల షెడ్డు ఉంది, చెట్లకింద మోకాలెత్తు గడ్డి ఉంది, గుర్రానికింత అని ముందే పుచ్చుకునేవాడు. జట్కావాళ్ళు ఆ గడ్డి చూసి సంతోషించి వెళ్ళిపోయేవారు.

వాళ్ళు చూడనిది ఒకటుంది. ఆ ఏడు కాంట్రాక్టరు చెట్లమధ్య కొత్తగా అంటుమొక్కలు నాటించాడు. గుర్రం అంటుమొక్కని కొరికితే ఇంకేముంది! అందుకని గుర్రాల్ని విప్పడం మానేశాడు. షెడ్డులో గుంజలకి, మెడలకి పొట్టితాళ్ళు. రెండు గజాల అవతల పచ్చగా, గాలికి ఊగుతూ గడ్డి. వాటి ముందు రాలిన మామిడాకులు. గడ్డి కోయించి వేస్తే కూలి దండగ కదా! రోజూ పొద్దున ముసలి కాపలావాడు వాటినొక వరసలో వాగుకి తోలుకెళ్ళి నీళ్ళు తాగించి తెచ్చి మళ్ళీ కట్టేసేవాడు. ఆ దారి టీచరమ్మగారి పెరటి తడిక ముందునుంచే, మా అరుగు మీదికి కనిపిస్తూ.

నేనప్పుడు బెజవాడలో బి.ఏ. వెలగబెట్టి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని మా అరుగు మీద ఎదురుచూస్తున్నాను. అందువల్ల ఆ గుర్రాలు రోజురోజుకీ సన్నబడటం మొత్తం చూశాను. ముందు ఆరు గుర్రాలు పోయేవి. తర్వాత ఆరు పంజరాలు. ఒకరోజు అయిదే వెళ్ళాయి. ఆరోదాన్ని ఎడ్లకి కట్టి, తోట వెనక గోతిదాకా ఈడ్చుకుపోయారు.

ఆ సాయంత్రం టీచరమ్మగారు గొడుగు పుచ్చుకుని కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన వేరే ఊరినుంచి వచ్చినవాడు. రెండో తరగతి ఆవిడ దగ్గర చదవలేదు. అదొక్కటే ఆయన ధైర్యం.

"గుర్రం చచ్చిపోతే నన్నంటారేంటండీ? అవేమన్నా నా గుర్రాలా? నాకేం బాధ్యత? గుర్రాల సంగతి పంతులమ్మలకేం తెలుసు?"

"మా నాన్న ఏలూళ్ళో జట్కా తోలేవాడు నాయనా. నా చదువు ఒక గుర్రం కాళ్ళ కష్టం" అన్నారావిడ. అరవలేదు. దానికే, వెనకాల వెళ్ళిన మాకు భయం వేసింది.

మర్నాడు బస్సెక్కి పోలీసుల దగ్గరికి వెళ్ళారు. గుర్రాలు పోయాయా అని అడిగారట వాళ్ళు. పోలేదు, పోతున్నాయి అన్నారట ఈవిడ. పోయాక రండి అన్నారట. మునసబుగారి దగ్గరికొస్తే, ఆయన చేతులు కట్టుకునే, "సొంతదారు వచ్చి ఫిర్యాదు చెయ్యాలండీ. పరాయివాడి పశువు మీద మనం చెయ్యి వెయ్యకూడదండీ" అన్నారు. సొంతదారులు ఎక్కడో మోకాలిలోతు బురదలో నాట్లు వేస్తున్నారు. వాళ్ళని వెతికి పట్టుకునేసరికి ఇక్కడ గుర్రాలుండవు. ఎర్రటి ఆడగుర్రం ఒకటి అప్పటికే నడుస్తూ నడుస్తూ మోకాళ్ళమీద పడుతోంది. తర్వాతి వంతు దానిదేనని అరుగు మీద కూర్చున్న బి.ఏ.కి కూడా తెలుస్తోంది.

ఇక్కడ ఆవిడ మొక్కజొన్న గురించి చెప్పాలి. పెరట్లో ఆవిడ వేసే మొక్కజొన్న మామూలు పంట కాదు. ఆ కంకులు ఎండబెట్టి, చూరుకి వేలాడదీసి, చర్చిలో కోతపండుగ నాడు ప్రభువు బల్ల ముందు పెట్టేవారు. ఏటా ఆవిడ కంకులే పెద్దవి. ఆ ఒక్క విషయంలో ఆవిడకి గర్వముండేది. దానికి క్షమించమని ప్రార్థన కూడా చేసుకునేవారు. పెరట్లోకి కోడి వస్తే గొడుగుతో వీధి చివరిదాకా తరిమేవారు.

ఒకరోజు పొద్దున చూద్దును కదా, ఆవిడ దండెం మీద పాత తెల్లచీర నిలువునా చింపిన పేలికలు అయిదు ఆరేసి ఉన్నాయి. ఇల్లు తుడవడానికేమో అనుకున్నాను. పెరటి తడిక తీసి గోడకి ఆనించి ఉంది. మర్చిపోయారేమో అనుకున్నాను. నా చదువు అంతవరకే పనిచేసింది.

ముసలి కాపలావాడు గుర్రాలతో వచ్చాడు. తడిక లేని చోటికి వచ్చేసరికి పచ్చటి మొక్కజొన్న వాసన కొట్టింది. ఎర్రగుర్రం ఆగింది. తల తిప్పింది. అంతే, కాపలావాడి చేతిలో తాళ్ళన్నీ ఒక్కసారి జారాయి, అయిదూ చేలో పడ్డాయి.

నేను అరుగుమీంచి ఎగిరి దూకాను. "టీచరమ్మగారండీ! గుర్రాలండీ! మొక్కజొన్నండీ!"

ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో గొడుగు కూడా లేదు.

"అరవకురా, తిననీ" అన్నారు.

నేను ఆ కంకుల వంకా ఆవిడ వంకా చూశాను. కంకులు నలుగుతున్నాయి, ఆకులు చిరుగుతున్నాయి, ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఎక్కాలు చదువుతున్నారు. పదమూడో ఎక్కం పూర్తికాగానే, "ఇక చాలు. పస్తున్న కడుపు ఒక్కసారి నిండితే చస్తాయి. పట్టరా వాటిని" అన్నారు. తాళ్ళు మెడల్లో పుండ్లలోకి దిగి ఉన్నాయి. కొడవలితో అవి కోసేసి, చీర పేలికలు మెత్తగా మెడకి చుట్టారు.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేంటి? నా పంటలో పడ్డాయా లేదా? పంటలో పడ్డ పశువుని ఎక్కడికి తోలతార్రా?"

నాకప్పుడు వెలిగింది. బందెల దొడ్డి! మా ఊరి నడిబొడ్డున, బస్సాగే చోట, పంచాయితీవారి రాతిగోడల దొడ్డి. చేలో పడ్డ పశువుని పట్టుకుని దాంట్లోకి తోలే హక్కు పంటవాడికి ఎప్పటినుంచో ఉంది. ఆ హక్కు కోసం ఆవిడ తన పంటనే పెట్టుబడి పెట్టారు.

ఆ ఊరేగింపు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు తెల్లచీరలో టీచరమ్మగారు, వెనక తెల్లపేలికలతో అయిదు గుర్రాలు, ఆఖర్న ఎర్రగుర్రం వెనకభాగాన్ని భుజంతో మోస్తూ ఒక పట్టభద్రుడు. పెళ్ళిగుర్రాన్ని చూసి కూడా అంతమంది వీధిలోకి రాలేదు. ఎవరూ నవ్వలేదు. పక్కటెముకలు ఎవరికివారు లెక్కపెట్టుకోవచ్చు.

దొడ్డి కాపరి తాళంచెవి వెనక్కి దాచుకున్నాడు. "ఇది గొడ్లకండీ టీచరమ్మగారూ. గుర్రాల్ని ఎప్పుడూ తోలలేదండీ."

"నా చేలో పడ్డప్పుడు అవి ఆ మాట చెప్పలేదు. తాళం తియ్యి."

ఈలోగా మునసబుగారు సగం గడ్డం గీసిన మొహంతో పరిగెత్తుకొచ్చారు. ఆవిడ ఆయనకేసి తిరిగి, బళ్ళో అడిగినట్టే అడిగారు: "ఏరా, బందెల దొడ్లో పెట్టిన పశువుకి మేత ఎవరు వెయ్యాలి?"

మునసబుగారి చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. "పంచాయితీ అండీ."

"ఎందుకని?"

ఆయన ఒకసారి గుర్రాల వంక చూశారు. సబ్బు నురగ గడ్డం మీంచి జారుతోంది. "కట్టేసినవాళ్ళే మేత వెయ్యాలి కాబట్టండీ."

"కూర్చో" అన్నారావిడ.

మధ్యాహ్నానికి గడ్డిమోపులొచ్చాయి. ఉలవలు ఉడికించి ఎవరో తెచ్చారు. అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు, గొడుగు పట్టే మనిషితో సహా. "ఏంటండీ ఈ గోల? జరిమానా ఎంతో చెప్పండి, కట్టేస్తాను. విప్పండి" అన్నాడు.

"నువ్వెవరు నాయనా?" అన్నారు టీచరమ్మగారు.

"అదేంటండీ? నా దగ్గరున్న గుర్రాలండీ!"

"నీవి కావన్నావుగా? చచ్చిపోతే బాధ్యత లేదన్నావుగా? చచ్చినప్పుడు నీవి కాకపోతే బతికున్నప్పుడు ఎలా అవుతాయి?"

జనంలోంచి ఎవరో, "అలా అడగండమ్మా!" అన్నారు. కాంట్రాక్టరు మునసబుగారి వంక చూశాడు. మునసబుగారు అప్పటికి మిగతా సగం గడ్డం కూడా గీసుకుని, మనిషై ఉన్నారు. "సొంతదారు రావాలండీ. పరాయివాడి పశువు మీద మనం చెయ్యి వెయ్యకూడదు కదండీ" అన్నారు, ఎంతో వినయంగా.

బస్సు కండక్టర్ల నోట కబురు ఉంగుటూరు చేరింది. అటూ ఇటూ పోయే ప్రతి బస్సూ దొడ్డి ముందు ఆగేది, జనం కిటికీల్లోంచి చూసి కాంట్రాక్టరు పేరడిగి మరీ వెళ్ళేవారు. టీచరమ్మగారు బడి అవగానే వచ్చి దొడ్డి గోడమీద కూర్చుని, ఎర్రగుర్రానికి గుప్పెడు గుప్పెడు మేత తినిపించేవారు. అది పడుకునే తినేది. లేస్తుందో లేదో తెలియదు.

జట్కావాళ్ళలో అందరికన్నా ముందు ఒక సాయిబు వచ్చాడు, కాళ్ళకి నాట్ల బురదతో. దొడ్డిలో ఒక్కొక్క గుర్రాన్నీ చూశాడు. మళ్ళీ చూశాడు. "అమ్మా, నా గుర్రం ఇందులో లేదమ్మా" అన్నాడు. గోతిదాకా ఈడ్చింది తనదేననుకున్నాడు.

"ఒకసారి పిలువు బాబూ" అన్నారావిడ.

సాయిబు గోడ పట్టుకుని, "బుల్లెమ్మా" అన్నాడు. అరిచినట్టు కాదు, అన్నట్టు.

మూలన పడుకున్న ఎర్రటి ఎముకలగూడు చెవులు నిక్కబొడిచింది. ముందుకాళ్ళు చాపింది. రెండుసార్లు కూలబడి, మూడోసారి లేచి నిలబడింది. నా జీవితంలో నేను చూసిన అద్భుతం అదొక్కటే. మిగతావన్నీ సినిమాల్లో చూశాను.

తర్వాత కాంట్రాక్టరు షెడ్డులో ఖాళీ బుట్టలు తప్ప మరేమీ కట్టలేదు. ఎవరూ గుర్రాన్ని అక్కడ దింపలేదు. ఆ ఏడు కోతపండుగకి అందరూ గుమ్మడికాయలూ అరటిగెలలూ తెస్తే, టీచరమ్మగారు ఒక గంపెడు గుర్రపులద్దె తెచ్చి బల్ల ముందు పెట్టారు. పాస్టరుగారు ముక్కు మూసుకోవాలా, చేతులు జోడించాలా తేల్చుకోలేకపోయారు. "ఈ ఏటి పంట ఇలా వచ్చిందండీ" అన్నారావిడ. ఆ ఎరువుతో మరుసటేడు కాసిన కంకుల గురించి చెబితే మీరు నమ్మరు. వాటికి మాత్రం ఆవిడ క్షమాపణ ప్రార్థన చేసుకోలేదు.

మొన్న సాయంత్రం సమాధుల దొడ్డినుంచి తిరిగొచ్చి, ఆవిడ అరుగు మీద అందరం కూర్చున్నాం. నూజివీడునుంచి సాయిబు జట్కా వచ్చి ఆగింది. ఆయనకి కబురు ఆలస్యంగా అందింది. ముసలాయన దిగి, మూసిన తలుపు వంక కాసేపు చూసి, బుల్లెమ్మని బండినుంచి విప్పి, ఊరకే నిలబడ్డాడు.

అప్పుడు బందెల దొడ్డి కాపరి, ఉద్యోగమంతా పశువుల్ని లోపల పెట్టి తాళం వేసినవాడు, లేచి వెళ్ళి పెరటి తడిక తీసి గోడకి ఆనించాడు.

బుల్లెమ్మ తల తిప్పి చూసింది. తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళి, ఛాతీ ఎత్తు మొక్కజొన్నలోకి దిగింది. గుంటూరునుంచి వచ్చిన టీచరమ్మగారి బంధువొకాయన అదిరిపడి, "అయ్యో, గుర్రమండీ! చేలో పడిందండీ!" అంటూ లేచాడు.

"అరవకండి, తిననీండి" అన్నారు మునసబుగారు.

చీకటి పడేదాకా ఎవరమూ కదల్లేదు. రెండో తరగతి పిల్లల్లా చేతులు కట్టుకుని, వరసగా కూర్చుని, ఆ నమిలే చప్పుడు విన్నాం.