అర్జీకి అంటిన రోగం

ఈ అరబ్బు దేశంల, సోహార్‌ల ఉన్న మా కంపెనీ కూలోళ్ల క్యాంపుకు కలరా వచ్చి వారమైంది. అది బావి నీళ్లతోనే వచ్చిందని అందరికి తెలుసు. బావి నీళ్లు కావాల్నా, ట్యాంకర్ నీళ్లు కావాల్నా అని క్యాంపుల వోటు పెట్టున్రని అర్జీ రాసినం. నలభై మందిమి వేలిముద్రలు పెట్టినం. ఇయ్యాల పొద్దున నేను దాన్ని కంపెనీ ఆఫీసుకు తీస్కపోయిన.

క్లర్క్ సాబ్ మన హైదరాబాదాయనే. కిటికీ గూడ తెరువలే.

"ఒక్కొక్కరు నా ముంగట నిలబడి ముద్ర పెట్టాలె. గదీ రూల్."

"అయితే అందర్ని రమ్మంట సాబ్."

"కలరా ఉండంగ రూము దాటొద్దు. నువ్వొచ్చిందే తప్పు. ఆ కాగితం ఇటు ఇయ్యకు, రోగం అంటుతది."

పొద్దుగూకంగ ఆయనే ఒక కాగితం, ఒక ఇంకు ప్యాడు మా రూముకు పంపిండు. 'నీళ్లు మంచిగున్నయి, మాకు ఏ కష్టం లేదు' అని రాసుంది. నలభై మంది అదే ప్యాడుల వేలద్ది ముద్రెయ్యాల్నట. పొద్దున మా అర్జీకి అంటిన రోగం, కంపెనీ కాగితం జోలికి పోదేమో.

నా వేలికి రోగముందని చెప్పి కాగితం వాపస్ పంపిన. ఎంటనే తక్కిన ముప్పై తొమ్మిది వేళ్లకు గూడ అదే రోగం తగిలింది.

ఖురియాత్‌ల మన కంపెనీ క్యాంపుల ఉన్న మీకు ఈ ఉత్తరం కార్బన్ కాపీ పంపుతున్న. మీ వేళ్లెట్లున్నయో రాయున్రి.