పాళీ అక్క చేతిలో గీరిన పెన్ను

పెన్ను గీరింది. అదీ పాళీ అక్క పెన్ను!

ఇంకెవరి పెన్ను గీరినా అది వింతేం కాదు. మెట్ల కింద ఉన్న ఆ ఇరుకు కొట్టుకి వచ్చేవన్నీ గీరే పెన్నులే, ఇంకు కక్కే పెన్నులే, నాలుగు మాటలు రాసేసరికి నోరెండిపోయే పెన్నులే. కానీ పాళీ అక్క సొంత పెన్ను గీరడమా! పొద్దున కొట్టు తెరవగానే అలవాటుగా ‘ఈ పెన్ను నాది’ అని రాయబోయింది. ‘నాది’ దగ్గర కర్రుమంది. కాగితం మీద నుంచి చెయ్యి కూడా తియ్యకుండా అలాగే కొయ్యబారిపోయింది.

ఆ కొట్టులో రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి వీధిలో నిలబడాలి. బల్ల మీద భూతద్దం, నీళ్ళగ్లాసులు, పాతగుడ్డ మీద ఆరబెట్టిన పాళీలు, గోడవార వరసగా సిరాబుడ్లు. ఆమె కోడలిగా వచ్చేనాటికి చదివింది మూడో తరగతి, అదీ సగం. పెన్నులు బాగుచేసే మొగుడి పక్కన కూర్చుని చూసి చూసి పని పట్టేసింది. “అక్షరం ముక్క సరిగ్గా రానిదానివి, నీకెందుకే పాళీలు?” అని ఆయన నవ్వితే, “చెప్పులు కుట్టేవాడు ఊళ్ళన్నీ నడిచే కుడుతున్నాడా?” అని నోరు మూయించింది. ఆయన పోయాక ఇక కొట్టు మూతే అనుకున్నవాళ్ళు, కుర్చీలో ఆమె కూర్చోవడం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆమె పద్ధతి ఒకటే. పెన్ను తెచ్చిన మనిషిని ముందు రాయమనేది. కళ్ళు కాగితం మీద కాదు, చేతి మీద. నొక్కి రాసే చెయ్యా, పెన్నుని పడుకోబెట్టే చెయ్యా, ఎడమచెయ్యా, ఒక్క చూపుకి తేల్చేసేది. ఆ చేతికి సరిపోయేట్టు మెత్తటి ఉప్పుకాగితం మీద పాళీని వెంట్రుకవాసి రుద్ది ఇచ్చేది. రోజూ రాసుకునే పెన్నులో ఏ ఇంకు పొయ్యాలని అడిగారా, ఇక అయిపోయారే. “మామూలు నీలం. చక్కగా పారాలి, కాగితం అవతలికి దిగకూడదు, నీళ్ళు పోస్తే పోవాలి. తళుకులూ మెరుపులూ కావాలంటే చీర కొనుక్కో” అనేది కాలేజీ అమ్మాయిలతో. పాత ఇంకు కడక్కుండా కొత్త ఇంకు పోసేవాళ్ళనయితే, “ఎంగిలి కంచంలోనే మళ్ళీ వడ్డించుకుంటారా మీ ఇంట్లో?” అని దులిపేసేది.

ఇక ఆమె పెన్ను! బొద్దుగా, నల్లగా ఉండేది. పాళీ ఒక చేతికి అలవాటుపడి అరుగుతుందనీ, పరాయి చెయ్యి పడితే చెడుతుందనీ పెన్నుల పిచ్చివాళ్ళందరికీ ఉన్న నమ్మకమే ఆమెకీ ఉంది. అందుకే దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు. అలాంటి పెన్ను గీరింది.

ముందు ఇంకుని అనుమానించింది. ఉన్నదంతా పారబోసి, పాళీ కింద ఇంకుని పారించే నాలుక కూడా ఊడదీసి కడిగి, కొత్తబుడ్డి విప్పి పోసింది. గీరింది. కాగితాన్ని అనుమానించింది. నున్నటి కాగితం తీసింది. గీరింది. అప్పుడు తల తిప్పి, మూల కూర్చుని గాజుబుడ్లు తుడుస్తున్న తోటికోడలి వంక చూసింది. తోటికోడలు చిన్నప్పటి నుంచీ బాల్‌పెన్ను మనిషి. ఇప్పటికీ కొప్పులో ఒకటి గుచ్చుకుని తిరుగుతుంది.

“నా పెన్ను ముట్టుకున్నావు కదూ?”

“నేనా? అయ్యో అక్కా, లేదు.”

“నువ్వు కాక గోడ మీది బల్లి రాసిందా?”

“ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానన్నావుగా. నాకు రెండు చేతులూ కావాలి. ఇంట్లో గిన్నెలు నువ్వు తోమవు కదా!”

“నోటికేం తక్కువలేదు. వేళ్ళు చూపించు.”

తోటికోడలు పది వేళ్ళూ చాపింది. ఎక్కడా నీలం మరక లేదు.

“కడిగేసుకునుంటావు. ఇన్నేళ్ళ పాళీనే, ఒక్క పూటలో నాశనం చేసిపెట్టావు. కోపం నా మీదుంటే నన్ను తిట్టు, అది నీకేం చేసింది?”

తోటికోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ వేళాకోళమే అనుకుంది. నిజంగానే నేరం అంటగడుతోందని అప్పుడు అర్థమైంది. “కొట్టుకి రావద్దంటే రేపటి నుంచి రానక్కా. అబద్ధం మాత్రం నా చేత ఒప్పించకు” అంది.

తన పెన్ను కడిగించుకోవడానికొచ్చిన లెక్కల మాస్టారు రెండో కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. పాళీ అక్క ఉన్నట్టుండి పెన్ను ఆయన ముందు పెట్టింది.

“రాయండి మాస్టారూ. దీన్ని ఏం చేసిందో మీరే సాక్ష్యం చెప్పండి.”

ఆయన బిత్తరపోయాడు. ఆ పెన్ను పట్టుకోవడమంటే మరొకరి తాళిబొట్టు పట్టుకున్నట్టు. భయం భయంగా తన పేరు రాశాడు. చప్పుడు లేదు. చిరునామా కూడా రాశాడు. చప్పుడు లేదు.

“ఇది గీరడమేమిటమ్మా? నూనె రాసిన గచ్చు మీద జారినట్టుంది.”

“మీకు చెవులు పోయాయి.”

“చెవులు పోతే పోయాయి, వేళ్ళున్నాయిగా!”

ఆమె పెన్ను లాక్కుని తోటికోడలి చేతిలో కుక్కింది. “నువ్వు రాయి.” తోటికోడలు కళ్ళు తుడుచుకుని, ఈ కొట్టులో అక్క నేర్పిన పట్టుతోనే రాసింది. గొంతులోంచి మంచినీళ్ళు దిగినట్టు దిగింది గీత. పాళీ అక్క భూతద్దం కింద పెట్టి చూసింది. పాళీ రెండు పాయలూ సమానంగా, తళతళా ఉన్నాయి. మళ్ళీ తను తీసుకుని రాసింది.

కర్ర్.

ముగ్గురూ ఆ చప్పుడు విన్నారు. చివరికి మాస్టారే నీళ్ళు నమిలాడు.

“అమ్మా... నీ చేతిలో పెన్ను లోపలికి తిరిగిపోతోంది. ఒక పాయ పైకి లేచి, రెండోది కాగితంలో గుచ్చుకుంటోంది. అక్షరాలు కూడా చూడు. మొదట్లో బాగానే ఉన్నాయి, చివరికొచ్చేసరికి చీమలైపోతున్నాయి.”

చూసింది. నిజమే. ‘ఈ’ గోరంత ఉంది, ‘నాది’ ఆవగింజలో సగం ఉంది. ఎవరో మెడ మీద చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. వచ్చినవాళ్ళందరి చేతులూ ఒక్క చూపుకి చదివేసే మనిషి! పాళీని అనుమానించింది, ఇంకుని అనుమానించింది, కాగితాన్ని, చివరికి ఇంట్లో మనిషిని కూడా అనుమానించింది. తన చేతి వంక మాత్రం చూడలేదు. పెన్నులవాళ్ళ లోకంలో పెన్ను తప్ప మరేదీ చెడిపోదు మరి.

ఆసుపత్రికి రానంది. మర్నాడు తోటికోడలే ఆటోలో కుదేసి తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. బల్ల మీదున్న బాల్‌పెన్ను అందించింది.

“ఏదైనా ఒక వాక్యం రాయండి పెద్దమ్మగారూ.”

“ఈ పుల్లతోనా? నా దగ్గరుంది” అని సంచిలోంచి తన పెన్ను తీసి రాసింది. డాక్టరమ్మ ఆ రాత వంక చాలాసేపు చూసింది. వేళ్ళు మూసి తెరవమంది. గదిలో అటూ ఇటూ నడవమంది.

“నడిచేటప్పుడు మీ కుడిచెయ్యి ఊగడం లేదు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?”

తోటికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కపక్కనే నడిచి రోజూ కొట్టుకి పోయే మనుషులు! ఇద్దరికీ తెలియలేదు.

మెదడులో కదలికల్ని నడిపించే భాగం కొద్దికొద్దిగా మందగిస్తోందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మాత్రలతో చెయ్యి కాస్త తేలికపడుతుందనీ, మునుపటిలా మాత్రం కాదనీ చెప్పింది.

“పాళీలు రుద్దగలనా?”

డాక్టరమ్మకి అర్థం కాలేదు. “వెంట్రుకవాసి పని అమ్మా” అని తోటికోడలు చెప్పింది. “ఒక్క రుద్దు ఎక్కువైతే పాళీ పనికిరాదు.”

“అలాంటి పని కష్టమే” అంది డాక్టరమ్మ.

పాళీ అక్క చెయ్యి చాపి, ఇందాక కాదన్న ఆ బాల్‌పెన్నే తీసుకుంది. “నా పాళీ చూసి నువ్వు పొరపాటు పడ్డావేమో తల్లీ. దీంతో రాసి చూపిస్తానుండు” అంది. పుట్టి బుద్ధెరిగాక బాల్‌పెన్ను ముట్టని మనిషి, దాని మీద ప్రాణమంతా పెట్టుకుని రాసింది. సగం వాక్యానికే చీమలొచ్చేశాయి. పెన్ను కింద పెట్టేసి, రాసింది తనేనా అన్నట్టు కాగితాన్ని ఎగాదిగా చూసింది.

దారంతా తోటికోడలు ముక్కు చీదుతూనే ఉంది. కొట్టు తలుపు తియ్యగానే పాళీ అక్క తన కుర్చీ లాగింది.

“ఏడుపు ఆపి ఇక్కడ కూర్చో.”

“నీ కుర్చీలోనా?”

“ఒళ్ళో కూర్చోమనలేదుగా! నిన్న అన్న మాటలకి తర్వాత తీరిగ్గా నన్ను తిడుదువుగాని. ముందు ఉప్పుకాగితం తియ్యి. నా చెయ్యి ఇప్పుడెలా వాలుతోందో చూశావు కదా? ఆ వాలుకి నా పాళీ రుద్దు.”

తోటికోడలు చేతులు వెనక్కి లాక్కుంది. “నీ పెన్నా! వద్దక్కా, వేరే పాత పాళీ మీద నేర్చుకుంటాను.”

“పరాయివాళ్ళ సొత్తు మీద నేర్చుకుంటావా? నాది పాడైతే నేనొక్కదాన్నే ఏడుస్తాను. రుద్దు. సున్నాలు చుట్టు. అంత నొక్కకు, అదేం అంట్లగిన్నె కాదు. ఆ... ఇంకాస్త పక్కకి వాల్చు. చాలు, చాలన్నానా! భూతద్దంలో చూడు.”

కడిగి, తుడిచి, నీలం పోశారు. పాళీ అక్క కాగితం మీద పెట్టింది. చప్పుడు లేదు. అక్షరాలు చివర్లో చీమలు అయ్యాయి, అది ఎవరూ ఆపలేకపోయారు. గీత మాత్రం మెత్తగా సాగింది. ఆమెకి సంతోషం కన్నా ముందు దిగ్భ్రమే కలిగింది. ఇన్నేళ్ళ చేతిని ఆ పాళీ నాలుగు రుద్దులకే మరిచిపోయింది!

మాస్టారు వచ్చేసరికి కుర్చీలో తోటికోడలు, పక్కన స్టూలు మీద పాళీ అక్క. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. బాగుచేయించడానికి తెచ్చిన తన ఆకుపచ్చ పెన్నుని, ఇంజక్షన్ సూది చూసిన పిల్లాడు చెయ్యి దాచుకున్నట్టు, చొక్కాకి అదిమిపట్టుకున్నాడు.

“ఆమె చేతికివ్వండి” అంది పాళీ అక్క.

“ఈవిడ... బాల్‌పెన్ను కదమ్మా?”

“కొప్పులో ఉంది లెండి, చేతిలో లేదు. ముందు మీరు రాయండి, ఆమె మీ చెయ్యి చూడాలి. ఏం చూస్తున్నావే నువ్వు? కాగితం వంక కాదు, చేతి వంక చూడు!”