ఊ కొట్టేవాళ్ళు లేని సభ

మా అన్నయ్య కూతురు జర్మన్ భాష చదివింది. రెంటచింతల మిరప చేల మధ్య పెరిగిన పిల్లకు ఆ భాష మీద మనసెట్లా పోయిందో నేనడగలేదు. పోయింది, అంతే.

మొన్న ఎండాకాలం జర్మనీలో పెద్ద సభ జరిగింది. జర్మన్, ఇంగ్లీషు లాంటి భాషలు చదివే పండితులు కూడే సభ. అక్కడికి వెళ్ళే వీలు లేక, ఇంటి దగ్గరి నుంచే నెట్‌లో మాట్లాడటానికి ఒప్పించుకుంది. రెంటచింతలలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. నరసరావుపేటలో మా ఇంట్లో ఇన్వర్టరుంది. అందుకని ముందురోజే లాప్‌టాప్ పట్టుకుని మా ఇంట్లో దిగింది.

వచ్చినప్పటి నుంచీ దాని ముఖంలో కళ లేదు. అంతకుముందు హైదరాబాదులో ఒక సెమినార్లో సగం చెప్పి, మిగతాది చెప్పలేక కూర్చుండిపోయిందట. ఇప్పుడీ సభలో జర్మనీ మేడం ఒకావిడ వింటుంది. ఆవిడకు నచ్చితే పరిశోధనకు తన దగ్గర చేర్చుకుంటుంది. నచ్చకపోతే మళ్ళీ మొదటికే.

నేను చింతపండు గింజలు తీస్తుంటే పక్కన చేరింది. అసలు నువ్వు చెప్పేదేందే అని అడిగాను.

"ఇంగ్లీషూ జర్మనూ ఒక తల్లి పిల్లలే అత్తా. జర్మన్లో చానాసార్లు, మనకు మల్లేనే, చేసిన పనేందో వాక్యం చివర్లో చెప్తారు. పాతకాలం ఇంగ్లీషులోనూ అట్టాగే ఉండేది. ఆనక అది ముందుకు జరిగింది. ఎట్టా జరిగిందో చెప్పాల నేను."

"అయితే ఆ జర్మనోళ్ళతో మాట్లాడేటప్పుడు చివరిదాకా వినాల్సిందే గదే."

వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం సభ. చప్పుడు చేస్తుందని కూలర్ ఆపేశాం. కారం దంచడం సాయంత్రానికి పెట్టుకోమని పక్కింటి వదినను బతిమాలాను. మా ఆయనకు పొడిదగ్గు. ఆయన్ను టీకొట్టుకు పంపించేశాను. సొంత ఇంట్లో దగ్గే హక్కు కూడా లేదా అని గొణుక్కుంటూ వెళ్ళాడు. నేనూ లేవబోతే పిల్ల చెయ్యి పట్టుకుంది. నువ్వు ఎదురుగా కూర్చో, ఒక్క ముఖమైనా కనపడాలంది.

మొదలుపెట్టింది. లాప్‌టాప్‌లో అందరివీ నల్లటి గళ్ళు, వాటి కింద పేర్లు. ముఖాల్లేవు. తను చెప్పేది వాళ్ళు వింటున్నారో, కాఫీకి లేచిపోయారో తెలియదు. కాసేపటికి దాని గొంతు సన్నబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ఒకచోట ఆగిపోయింది. అందరూ వింటున్నారా అని అడిగింది కాబోలు, ఎవరో ఒక్క ముక్క పలికి మళ్ళీ మాయమయ్యారు. తిరిగి అందుకుంది గాని మాట తడబడుతోంది. హైదరాబాదు సంగతే గుర్తొస్తున్నదని దాని కళ్ళు చెబుతున్నాయి.

మా ఇంట్లో ఊ కొట్టందే కథ నడవదు. మా అమ్మ చెప్పేటప్పుడు మేం ఊ కొట్టడం మానితే, నిద్రపోయారని అక్కడికే ఆపేసేది. ఈ పిల్ల చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని, కళ్ళు మూతలు పడుతున్నా కథ ఆగిపోతుందన్న భయంతో ఊ కొడుతూనే ఉండేది. అదంతా ఆలోచించి చేశానని చెప్పను. పిల్ల మళ్ళీ ఆగగానే నా నోట్లోంచి "ఊ" అని వచ్చేసింది.

అది తలెత్తి చూసింది. ఇంకో మాట చెప్పింది. మళ్ళీ ఊ అన్నాను. ఇంకొంచెం చెప్పింది. చున్నీ వదిలేసింది. ఇక దాని చేతులు కూడా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ ఊ కొడుతూ చివరిదాకా లాక్కొచ్చాను.

అయిపోయాక సభ నడిపే ఆయన ఏదో అడిగాడు. పిల్ల ముఖం పాలిపోయింది. ఇందాకటి నుంచీ మీ దగ్గర వినిపిస్తున్న ఆ శబ్దమేమిటని అడిగాడట. ఎండకు కాదు, సిగ్గుకు చెమటలు పట్టాయి. మొత్తం పాడుచేశానే అనుకున్నాను.

అది నా వైపు చూసింది. తర్వాత నింపాదిగా జవాబు చెప్పింది. అది మా అత్త గొంతు, మా ఊళ్ళల్లో వినేవాళ్ళు అట్లా అనకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు అని చెప్పానని తర్వాత నాతో అంది.

అంతలో ఒక గడి వెలిగింది. తెల్లటి జుట్టు, మెడలో కళ్ళద్దాల తాడు, నాకంటే పెద్దావిడే. పిల్ల వీపు నిటారుగా అయింది. ఆ మేడమేనని అప్పుడే నాకర్థమైంది. ఆవిడ ప్రశ్న అడిగింది. చానా పెద్ద ప్రశ్న. పిల్ల జవాబు చెప్పసాగింది. చెబుతున్నంతసేపూ ఆ ముసలావిడ తలాడిస్తూ, మెల్లగా, "మ్మ్… మ్మ్…" అంటూనే ఉంది.

నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఇక నా అవసరం లేదు.

లాప్‌టాప్ మూసి పిల్ల నా భుజం మీద తల వాల్చింది. "వచ్చేవారం విడిగా మాట్లాడదామంది అత్తా. ఏమేం చదువుకు రావాల్నో చెప్తదంట."

"ఊ," అన్నాను.

వాకిట్లో చెప్పుల చప్పుడు. మా ఆయన తలుపు సందులోంచి తొంగిచూసి, ఇక దగ్గొచ్చా అని అడిగాడు.