చెంబు చాటున సింహాచలం

మొన్న మా ఊళ్లో తోర్వా బజారులో చెప్పు కుట్టించుకుందామని కూర్చుంటే, ఆ కుట్టేమనిషి ఎవరిదో పాత తోలుసంచీ తీసి దానికి ఆముదం పట్టించడం మొదలుపెట్టాడు. వెచ్చటి ఆముదం, తడిసి ఆరిన తోలు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా రెండు చేతులూ వాటంతటవే మడుచుకుని ఛాతీకి ఆనుకున్నాయి. ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చుండిపోయాను. "క్యా హువా దాదా? ఛాతీలో నొప్పా?" అని కంగారుపడ్డాడు పాపం. "కాదు భాయ్, జగ్గారావు మాస్టారు" అన్నాను. అదేం జబ్బో అతనికి తెలియలేదు. మీకూ తెలియదు కనక చెబుతాను.

జగ్గారావు మాస్టారు మా బిలాస్‌పూర్ రైల్వే బడిలో డ్రిల్లు మాస్టారు. బొబ్బిలి దగ్గర పల్లె. మద్రాసులో వ్యాయామ విద్య చదువుకుని వస్తూ వస్తూ ట్రంకుపెట్టెలో ఒక బాస్కెట్‌బాల్ తెచ్చుకున్నారు. అది ఇంకా దొరల కాలం. ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే దొరల క్లబ్బు మైదానంలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ ఆ ఆట ఆడుతుంటే మనవాళ్లు కంచె అవతల నిలబడి చూసేవారు. మాస్టారు కంచె దూకలేదు, ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డు పక్కన రెండో మైదానం తయారుచేశారు. పాత వ్యాగను పలకలు బోర్డులయ్యాయి. కొలిమిలో వంచిన ఇనప కడ్డీలు రింగులయ్యాయి. నేలమీద షెడ్డు బూడిద పోయించి రోలరు లాగించారు. వానాకాలంలో ఆ తోలుబంతి నాని గుమ్మడికాయంత బరువెక్కేది. దాన్ని ఆరబెట్టి ఆముదం రాయడం ఆయన భార్య మాణిక్యమ్మగారి వంతు. "నా తలకి లేని ఆముదం దీనికా!" అని సణుగుతూనే పసిబిడ్డకు రాసినంత ఒద్దికగా రాసేవారు.

నేను అప్పటికే బడి మానేసి, షెడ్డులో ఫిట్టరు పని నేర్చుకుని, పెళ్లి కూడా చేసుకున్నవాణ్ణి. బడి ఎందుకు మానేశానంటే, లెక్కల అయ్యవారి వెనక ఆయనలాగే కుంటుతూ నడుస్తుండగా ఆయన వెనక్కి తిరిగారు. అంతకన్నా చెప్పుకోదగ్గ కారణం లేదు. ఓ సాయంత్రం మాస్టారు నన్ను షెడ్డు గేటు దగ్గర పట్టుకున్నారు.

"ఏటోయ్ అప్పన్నా, చదువు మానేసేవు సరే, నిలబడ్డం వచ్చునా?"

"నిలబడ్డానికి కూడా పరీక్షుందేటండీ?"

"ఉంది. అందులోనూ తప్పుతావు. రేపు రా."

తప్పుతానని చెప్పి మరీ పిలిచిన మాస్టారు నాకు అంతకు ముందు ఎవరూ లేరు. వెళ్లాను.

ఆయన ఆట నేర్పింది ముందు మైదానంలో కాదు, తమ క్వార్టరు వరండాలో. నాలుగు ఇత్తడి గ్లాసులు, ఒక చెంబు. అవి మేం ఐదుగురం: నా నేస్తం సింహాచలం, నేను, షెడ్డువాళ్లు మరో ముగ్గురు. చుట్టూ చింతపిక్కలు. అవి ఎదుటి జట్టు.

"ఈ గ్లాసు మన సింహాచలం. వీడి వెనకాలే ఈ పిక్క అంటుకుని తిరుగుతోంది. వీడు రింగులో బంతి వెయ్యాలంటే దీన్ని వదిలించుకోవాలి. ఎలాగ?"

"తోసెయ్యాలండి" అన్నాను.

"తోస్తే ఫౌలు."

"తిట్టాలండి."

"నీ నోరు కాదోయ్, నీ ఒళ్లు కావాలి. ఇదిగో, చెంబు దారిలో కూర్చుంది. గ్లాసు దాన్ని రాసుకుంటూ దాటిపోయింది. పిక్క వచ్చి చెంబుకి కొట్టుకుంది. ఇప్పుడు గ్లాసు దగ్గర ఎవడున్నాడు? ఎవడూ లేడు. దీన్నే చాటు అంటారు. గ్లాసు దాటినా, మధ్యలో ఆగినా, చెంబు మాత్రం కదలకూడదు."

"చెంబు ఎవరండీ?"

అందరూ నా పొట్ట వంక చూశారు. లోపలినుంచి మాణిక్యమ్మగారు, "ఏవండీ, ఆ చెంబు ఇలాగియ్యండి, నీళ్లొచ్చేయి" అని కేకేశారు. "ఆగవే, సింహాచలం ఇంకా బంతి వెయ్యలేదు" అన్నారు మాస్టారు.

సింహాచలానికి ఆ చాటు ఆటలో సరదా కాదు, ఇంటి కప్పు. అప్పట్లో అందరూ రెండు చేతులతో ఛాతీ దగ్గరనుంచి బంతి వేసేవారు. వాడికి చేతులు సర్దుకోవడానికి మరికాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరికితే బంతి రింగుని తాకకుండా పడేది. దొరక్కపోతే కంచె అవతల పడేది. వాళ్ల నాన్న ఫైర్‌మన్. ఆ ఏడే జ్వరంతో పోయాడు. వీడేమో బద్లీ ఖలాసీ, అంటే ఎవరైనా డ్యూటీకి రాని రోజున పిలిపించే మనిషి. బద్లీకి క్వార్టరు ఉండదు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఆర్డరు వచ్చేసింది. తల్లి పైడమ్మత్త, ఇద్దరు చెల్లెళ్లు. ఎక్కడికి పోతారు? మా షెడ్డు దొరకి ఆటల పిచ్చి. ఖరగ్‌పూర్ పోటీలకి షెడ్డు జట్టు పంపుతానని, అందులోకి ఎంచుకున్నవాళ్లలో బద్లీలకి పక్కా పని ఇస్తానని చెప్పాడు. ఎంపిక ఇన్‌స్టిట్యూట్ జట్టుతో ఆడే ఆట చూసి చేస్తాడట. అందుకని సింహాచలం గురి బయటపడాలి. అది బయటపడాలంటే చెంబు కదలకూడదు.

చెంబుకి ఒకటే జబ్బు. సింహాచలం నా వెనక నుంచి దాటగానే, బంతి పడిందో లేదో చూద్దామని గిర్రున తిరిగేవాణ్ణి. తిరిగితే ఫౌలు. మాస్టారు ఈల వేసి ఆపేవారు.

"వెనక్కెందుకు చూస్తావు?"

"పడిందో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

"నీకు తెలియక్కర్లేదు."

తెలియక్కర్లేదట! సినిమాకి టికెట్టు కొని తెరకి వీపు పెట్టి కూర్చోమన్నట్టుంది. ఆ మాట అన్నాను కూడా. ఆయన నవ్వి, నా రెండు చేతులూ మడిచి ఛాతీకి ఆనించి, నన్ను మళ్లీ అక్కడే నిలబెట్టారు.

ఇక ఆ ఎత్తుకి పేరు. కుడివైపునుంచి సింహాచలం నా వెనగ్గా ఎడమవైపుకి దాటడం, మనం ఊరి పక్క అర్పా ఏరు దాటి అవతలి ఒడ్డున సర్కండా వెళ్లినట్టుంటుందని, మాస్టారు దానికి 'ఏటి' అని పేరు పెట్టారు. ఏటి అవతలకి అన్నమాట. ఎదుటివాళ్లకి బోధపడదు, బాగానే ఉంది. చిక్కల్లా మాతోనే. మా ఇళ్లలో 'ఏమిటి' అనడానికి 'ఏటి' అంటాం. మొదటి సాయంత్రం ఆయన "ఏటీ!" అని అరవగానే ఐదుగురం పరుగు ఆపేసి, ఆయన వంక తిరిగి, "ఏటండీ?" అన్నాం.

"ఏటి!"

"అదేనండీ, ఏటి?"

"ఏటంటే ఏరురా! ఏరు దాటండి!"

"ఏరు ఎటుందండీ?" అన్నాను, కావాలనే. బంతి వచ్చి నా నెత్తిన పడింది.

ఆట ఒక ఆదివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మైదానంలో జరిగింది. ఆట నడుస్తుండగా నేర్పినవాడు బయటినుంచి నోరు విప్పకూడదని ఆ రోజుల్లో రూలు. కాబట్టి మాస్టారు మేం బంతి వేసే రింగుకి ఎదురుగా, మైదానం అవతలి కొసన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిలుపు ఇవ్వడం నా పని. నా నోటికి ఉద్యోగం దొరకడం అదే మొదలు. సింహాచలాన్ని కాపలా కాసింది నర్సింగరావు గార్డు. ఇన్‌స్టిట్యూట్ జట్టులో ఒక్కడే తెలుగువాడు, విజయనగరం మనిషి, బీరువాలాంటి ఒళ్లు. సింహాచలం వేసిన ప్రతి బంతీ ఆయన చేతికో, కంచె అవతలికో పోయింది. దొర పక్కవాడితో కబుర్లలో పడ్డాడు. సింహాచలం నా దగ్గరకొచ్చి, "ఒరే అప్పన్నా, అమ్మ సామాన్లు కట్టేస్తంది రా" అన్నాడు. నాకు హాస్యం ఏదీ తోచలేదు.

నా చోటికి పోయి నిలబడి, "ఏటీ!" అని అరిచాను.

"ఏటి? ఏటన్నావు?" అని నర్సింగరావు గార్డు నా వైపు తిరిగాడు. మర్యాదస్తుడు, పిలిస్తే పలుకుతాడు. ఈలోగా సింహాచలం ఏరు దాటేశాడు. బంతి పడింది.

"అరే, నన్ను పిలిచి మోసం చేసేవేటిరా!"

"మిమ్మల్ని కాదండీ, ఏటిని పిలిచేను."

మళ్లీ పిలిస్తే మళ్లీ పలికాడు. అలవాటు అంత తొందరగా పోతుందా! ఆ తర్వాత తెలివి తెచ్చుకున్నాడు. ఆట అయిపోవస్తుంటే ఇంకొక్క బాస్కెట్ పడితే గెలుపు మాది. దొర ఇప్పుడు కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను పిలిచాను. "అచ్ఛా! ఈసారి నీకన్నా ముందు నేనే దాటుతాను రా" అని నర్సింగరావు గార్డు ఎడమవైపుకి దూసుకుపోయాడు.

సింహాచలం దాటలేదు. నా వెనకే ఆగిపోయాడు. వాడి ఊపిరి నా మెడకి తగిలింది. సంగతి తెలిసి గార్డుగారు వెనక్కి పరుగెత్తుకొచ్చి నా భుజానికి గుద్దుకున్నారు. ఎముక కలుక్కుమంది. తిరగాలని ఒళ్లంతా పీకింది. తిరగలేదు. ఎదురుగా మాస్టారి ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఆయన కళ్లు బంతితోబాటు పైకి లేచాయి, ఆగాయి, దిగాయి. నోరు తెరుచుకుంది, రూలు గుర్తొచ్చి మూసుకుంది. ఆయన మెల్లగా నేలమీద కూలబడి, భుజంమీద తువ్వాలు తీసి ముఖం కప్పేసుకున్నారు. పడలేదన్నమాట, అనుకున్నాను. క్వార్టరు పోయింది, పైడమ్మత్త పోయింది, అంతా పోయింది. అప్పుడు కంచె విరిగిపడేటట్టు జనం కేకలు వేశారు.

దొర సింహాచలాన్ని పిలిచి పేరు అడిగి జట్టులో రాసుకున్నాడు. నా పేరు అడగలేదు. "మాస్టారూ, దొర నా వంక చూడనైనా లేదండి" అన్నాను. ఆయన తువ్వాలుతో ఇంకా కళ్లు తుడుచుకుంటూనే, "నువ్వు తిరగలేదురా" అని భుజం తట్టారు. సరిగ్గా ఆ భుజమే. కుయ్యోమన్నాను.

మాస్టారూ, సింహాచలం, నేనూ ముగ్గురం వాళ్ల క్వార్టరుకి వెళ్లేసరికి పైడమ్మత్త గోనెసంచుల మధ్య కూర్చుని ఉంది. "ఏటయింది? గెలిసినారా?"

"గెలిచేం అత్తా. సింహాచలానికి పక్కా పని. మూటలిప్పు."

ఆవిడ కాసేపు మా ముఖాలు మార్చి మార్చి చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. మాస్టారు తల ఊపాక నమ్మింది. "ఆ మాట పొద్దున్నే సెప్తే ఈ బానలన్నీ కట్టకపోదును కదరా! నడుం పడిపోనాది" అని నన్ను తిట్టి, ఆ మూట మీదే తల ఆన్చి ఏడ్చింది. చెల్లెళ్లు ముళ్లు విప్పడం మొదలుపెట్టారు. మాస్టారు కూడా కింద కూర్చుని ఒక గోనెసంచి విప్పారు. ముడి రాకపోతే పళ్లతో లాగారు.

తర్వాత ఆయనకి నాగపూర్ బదిలీ అయింది. మళ్లీ చూడలేదు. కానీ ఆయన నిలబెట్టిన మనిషి నాలో అలాగే ఉన్నాడు. షెడ్డులో ఫోర్‌మన్ కొత్తవాడెవడి మీదైనా విరుచుకుపడితే, ఏదో అడగాలన్నట్టు పోయి మధ్యలో నిలబడేవాణ్ణి. తిట్లు నాకు తగిలేవి. ఆ సందున వాడు బోల్టు బిగించేసుకునేవాడు. ఎందుకలా చేస్తావని మావాళ్లు అడిగితే ఒక జోకు చెప్పి తప్పించుకునేవాణ్ణి.

పోయిన వారం నేను స్టేషన్లో ఉండగా విశాఖ వైపు పాసింజరు వచ్చింది. ఒక తల్లి, చంకలో పిల్ల, చేతిలో మూట. జనం ఆమెను పెట్టె దగ్గరికి రానివ్వడం లేదు. నేను తలుపు పక్కన కాళ్లు ఎడం చేసి నిలబడ్డాను. "ఏ బుఢ్ఢే, హటో!" అని, ముసలాణ్ణి తప్పుకోమంటూ వెనకనుంచి తోశారు. ఇంత పదునైన జవాబు నాలిక చివరికి వచ్చింది, మింగేశాను. ఆమె నా వీపు రాసుకుంటూ లోపలికి దాటింది. చోటు దొరికిందో లేదో నేను చూడలేదు. బండి కూత వేసి కదిలిపోయింది. నేను ఎక్కవలసిన బండీ అదే. మా ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ, ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఇంటికి నడిచి వచ్చేశాను.