ఏడు మూటల ఉప్పు

ఒక స్విమ్మింగ్ పూల్‌లో చేతులారా ఏడు మూటల ఉప్పు పోసిన ఘనుణ్ణి నేను. ఎందుకు పోశానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రావడానికి నాలుగేళ్లు పట్టింది.

అప్పుడు జువ్వలదిన్నెకు ఇవతల, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రిసార్టులో కొత్తగా చేరాను. అంతకుముందు రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసేవాణ్ణి. "పూల్ మిషన్లు తెలుసా?" అని మేనేజరు సుధాకర్ గారు అడిగితే, "నీళ్లలో తిరిగేదేదైనా తెలుసు సార్" అన్నాను. ఆ లెక్కన చేపలకు కూడా నేనే మెకానిక్కుని.

ఆ పూల్ నీళ్లలో కాస్త ఉప్పు కలుపుతారు. ఆ ఉప్పు నుంచి ఒక మిషను క్లోరిన్ తయారుచేస్తుంది. పైపులో నీళ్లు పారుతున్నాయో లేదో కనిపెట్టడానికి ఫ్లో స్విచ్ అని చిన్న సామాను ఉంటుంది. నీళ్లు పారడం లేదనిపిస్తే అది మిషన్ను ఆపేస్తుంది. శుక్రవారం నేను దాన్ని ఊడదీసి, పెళ్లికి వెండిసామాను తోమినంత శ్రద్ధగా తోమి, మళ్లీ బిగించాను.

శనివారం పొద్దున మిషను మీద ఎర్ర లైటు వెలిగింది.

మర్నాడు బుచ్చిరెడ్డిపాలెం నుంచి సుబ్బమ్మ గారనే డెబ్బై ఏళ్ల పెద్దావిడ, కొడుకుతో వస్తోంది. జీవితమంతా వరిమడిలో మోకాటి లోతు నీళ్లలో నిలబడిన మనిషి. ఒక్కసారైనా నీళ్లమీద తేలాలని ఆమె కోరిక.

"ఏందయ్యా ఆ లైటు?" అన్నారు సుధాకర్ గారు.

"ఉప్పు తగ్గినట్టుంది సార్."

నాలుగు మూటలు పోశాను. లైటు ఆరలేదు.

"ఇంకా తగ్గిందా?"

"ఎండ కదా సార్, తాగేస్తా ఉంది."

మరో మూడు పోశాను. తర్వాత ఫిల్టరు విప్పాను, పంపు విప్పాను. సామానంతా గట్టు మీద పరిచేసరికి పాత ఇనుము కొట్టులా ఉంది. మధ్యాహ్నానికి నీళ్లు మసకబారాయి, నా మొహం కూడా.

గదులు శుభ్రం చేసే పోలమ్మక్క వచ్చి, పైపుకున్న ఫ్లో స్విచ్ వైపు వేలు చూపించింది. "అది ఎట్టా పనిచేస్తాదో చెప్పు" అంది.

"లోపల ఒక రేకు ఉంటాది అక్కా. నీళ్లు దాన్ని తోస్తే మిషను నడుస్తాది."

"నీళ్లు ఇట్టా పోవాల్సి ఉంటే, దానిమీద బాణం గుర్తు అట్టా చూస్తా ఉండాదేంది?"

చూశాను. ఫ్లో స్విచ్‌ను తిరగేసి బిగించింది నేనే. పంపు, ఫిల్టరు మళ్లీ బిగించి, స్విచ్ తిప్పి పెట్టాను. ఎర్ర లైటు ఆరింది. నేను ఊపిరి పీల్చుకునే లోపల పసుపు లైటు వెలిగింది.

"ఇదేంది?" అంది పోలమ్మక్క.

"ఉప్పు ఎక్కువైందంట."

మిషను మళ్లీ ఆగిపోయింది. సుధాకర్ గారి దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే సార్" అన్నాను. ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. "ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి చూసేవాళ్లం గదా" అన్నారు. తిట్టి ఉంటే ఇంత సిగ్గేసేది కాదు. ఉప్పు తగ్గాలంటే సగం నీళ్లు మార్చాలి, దానికి వ్యవధి లేదు. క్లోరిన్ చేత్తో కలిపి, పరీక్ష చేసి, నీళ్లు తేటపడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఆదివారం సుబ్బమ్మ గారికి ఉన్నమాట చెప్పాను. "అవ్వా, నీళ్లు ఉప్పగా ఉంటాయి. నేనే ఎక్కువ పోసినా."

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని దిగింది. వెల్లకిలా వాలింది. కాళ్లు మెల్లగా పైకి తేలాయి. "ఒంట్లో బరువే లేదురా" అంది, కళ్లు మూసుకుని.

బయటికొచ్చాక నన్ను పిలిచింది. "ఉప్పు వేస్తే మనిషి తేలతాడంట గదా. నాకోసం ఎన్ని మూటలేసినావు నాయనా?"

"ఏడు అవ్వా."

"మళ్లీ వచ్చినప్పుడు కూడా అన్నే వెయ్యి."

వెనకాల సుధాకర్ గారికి దగ్గు వచ్చింది.

ఆ సాయంత్రమే సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో నా చేత్తో దేనిలోనూ ఉప్పు వెయ్యను. మాట తప్పలేదు. ఈనాటికీ మా ఇంట్లో పప్పు చప్పగా ఉంటే, మా ఆవిణ్ణి పిలిచి ఆమె చేతే ఉప్పు వేయించుకుంటాను.